బిల్డింగ్ ఊగుతుందంటే భయపడాలా? గాలి, భూకంపం, కంపనాల గురించి మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబరు 4న పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు నాకు వరసగా ఫోన్లు వచ్చాయి. 2025 మార్చిలో బ్యాంకాక్ మేడల మీది స్విమ్మింగ్ పూల్ నీళ్లు వీధిలోకి పడుతున్న వీడియో వాట్సాప్‌లో తిరిగినప్పుడూ అవే ఫోన్లు. "సార్, మన బిల్డింగుకేం కాదు కదా?" అని. నేను కర్నూలులో ఉంటూ చుట్టుపక్కల జిల్లాలకు స్ట్రక్చరల్ డిజైన్లు చేస్తుంటాను. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి అన్నీ ఒకచోట రాస్తున్నా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## ముందు అసలు సంగతి

కాంక్రీటు బిల్డింగ్ కూడా ఊగుతుందా సార్? బండరాయిలా నిలబడదా?

ఊగుతుంది. ఊగని బిల్డింగ్ అంటూ లేదు. జొన్నచేను గట్టు మీద నిలబడి చూడండి, గాలొస్తే చిన్న మొక్క గబగబా వణుకుతుంది, నిలువెత్తు పెరిగి కంకి బరువెక్కిన మొక్క నిదానంగా అటూ ఇటూ తూగుతుంది. బిల్డింగులూ అంతే. ఒక పక్కకు వెళ్లి, రెండో పక్కకు వచ్చి, మళ్లీ మొదలైన చోటికి చేరడానికి పట్టే సమయాన్ని పీరియడ్ అంటాం, కింద నేను లయ అన్నదీ దీన్నే. అంతస్తుకి 0.1 సెకను చొప్పున వేసుకుంటే ఉజ్జాయింపుగా సరిపోతుంది, అంటే అయిదంతస్తులకు అర సెకను, ముప్పై అంతస్తులకు మూడు సెకన్లు. తైవాన్‌లోని 508 మీటర్ల తైపే 101 మేడకి దాదాపు 7 సెకన్లు. ఊగడం తప్పు కాదు. ఆ ఊగును కిందినుంచి పైదాకా అన్ని అంతస్తులూ తలా కొంచెం పంచుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అదంతా ఒకే అంతస్తులో పోగుపడితే మాత్రం బిల్డింగ్ అక్కడే విరుగుతుంది. నేను డిజైన్‌లో పడే తిప్పలన్నీ ఈ రెండోది జరగకుండా చూడటానికే.

గాలికి ఊగడం, భూకంపానికి ఊగడం రెండూ ఒకటేనా?

కాదు. గాలి బయటినుంచి గోడను తోస్తుంది, కాబట్టి గోడ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అన్నదే లెక్క. భూకంపంలో బయటినుంచి ఎవరూ తొయ్యరు, కింద నేల జరుగుతుంది, పైనున్న బరువు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, ఆ లాగులాటలో స్తంభాలు నలుగుతాయి. అందుకే బరువైన బిల్డింగ్ గాలికి మంచిది, భూకంపానికి చెడ్డది. ఇంకో పెద్ద తేడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. గాలికి డిజైన్ చేసేటప్పుడు ఏమీ దెబ్బతినకూడదు అనుకుని చేస్తాం. పెద్ద భూకంపానికి మాత్రం "పగలొచ్చు, కూలకూడదు" అన్నదే కోడ్ (డిజైన్ ఎలా చేయాలో చెప్పే ప్రమాణాల పుస్తకం) ఉద్దేశం. లోపలి మనుషులు బతికి బయటికి రావాలి. "భూకంపం ప్రూఫ్ బిల్డింగ్ అండీ" అని ఎవరైనా అమ్మజూపితే ఈ మాట గుర్తుపెట్టుకుని అడగండి.

రెజొనెన్స్ అంటారు కదా, అదేంటో సింపుల్‌గా చెప్పండి

నిండు బకెట్ పట్టుకుని నడిచిన ప్రతివాళ్లకూ ఇది తెలుసు. ఒక వేగంతో నడిస్తే నీళ్లు అలలు అలలుగా లేచి కాళ్ల మీద పడతాయి. అడుగు కాస్త మార్చండి, అదే బకెట్, అవే నీళ్లు, తొణకవు. మీ అడుగుల లయా నీళ్లు ఊగే లయా కలిసిపోవడమే రెజొనెన్స్. 1985 సెప్టెంబరు 19న మెక్సికోలో 8.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, అది పుట్టిన చోటు రాజధానికి మూడొందల కిలోమీటర్ల పైగా దూరంలో ఉంది. అయినా మెక్సికో సిటీలో వేలమంది చనిపోయారు. ఊరు పాత చెరువు అడుగు బంకమట్టి మీద ఉండటంతో ఆ నేల దాదాపు రెండు సెకన్ల లయలో ఊగింది. ఎక్కువగా దెబ్బతిన్నవి సుమారు 6 నుంచి 15 అంతస్తుల బిల్డింగులు. వాటిల్లో చాలా వాటి లయ ఒక సెకను దగ్గర మొదలైనా, పగులుతున్నకొద్దీ మెత్తబడి రెండు సెకన్ల వైపు జరిగాయి, నేల లయలోకి తామే వెళ్లి పడ్డాయి. వాటి పక్కనే ఉన్న పొట్టి ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి.

మనది సేఫ్ జోన్ కదా, ఈ ఖర్చంతా మనకెందుకు?

నాకు అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎదురయ్యే ప్రశ్న ఇదే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్తా. ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 1893 అనే భూకంప కోడ్ 2016 ఎడిషన్ మ్యాపులో కర్నూలు, అనంతపురం జోన్ 2లో ఉన్నాయి. ఆ మ్యాపులో జోన్ 2 అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ అన్నది నిజమే. కానీ "సేఫ్" అన్న పేరుతో అందులో ఏ జోనూ లేదు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్ర లాతూర్ జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. కర్నూలుకి గీత గీస్తే దాదాపు మూడొందల కిలోమీటర్లు. అప్పటి మ్యాపులో ఆ ప్రాంతం జోన్ 1, అంటే అన్నిటికన్నా అడుగున. వేలమంది నిద్రలోనే పోయారు. అక్కడి ఇళ్లు ఎలాంటివో తెలుసా? మట్టితో పేర్చిన లావు రాతిగోడలు, పైన దూలాల మీద బరువైన మట్టికప్పు. మన మట్టిమిద్దెలు కూడా అలాంటివే. అందుకే ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు మా తాతగారి ఊరే కళ్ల ముందు కనపడుతుంది. ఆ తర్వాత 2002లో కోడ్ మార్చినప్పుడు జోన్ 1 అన్నదాన్నే తీసేసి జోన్ 2లో కలిపేశారు.

ఇక ఖర్చు మాట. జోన్ 2లో మామూలు ఆర్‌సీసీ ఫ్రేమ్ (కడ్డీ వేసిన కాంక్రీటు స్తంభాలు, బీముల) బిల్డింగ్‌కి, ఎత్తు తక్కువైతే, బరువులో సుమారు 4 శాతం పక్క తోపుగా తీసుకుంటాం. బిల్డింగ్ 900 టన్నులనుకుంటే సుమారు 36 టన్నులు. రెండు లోడు లారీలు ఒకేసారి పక్కనుంచి ఆనుకున్నట్టు. దానికి నిలబడే బిల్డింగ్ కట్టడానికి అయ్యే అదనపు కడ్డీ ఖర్చు, మీరు ఎలివేషన్ సోకులకు పెట్టేదానితో పోలిస్తే పెద్దదేం కాదు.

## ప్లాన్ గీసేటప్పుడు

మన ఊరి బిల్డింగులను ఎంత గాలికి డిజైన్ చేస్తారు?

గాలి లెక్కల కోడ్ ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం కర్నూలుకి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. విజయవాడ, నెల్లూరు తీరం దగ్గరివి కాబట్టి 50 మీటర్లు. ఇది పది మీటర్ల ఎత్తులో మూడు సెకన్ల పాటు వచ్చే విసురు, పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. మన అయిదారు అంతస్తుల అపార్ట్‌మెంట్‌కి గాలి మామూలుగా పెద్ద సమస్య కాదు. గాలికి ఎగిరేవి వేరే ఉన్నాయి: మేడ మీద వేసిన రేకుల షెడ్డు, సన్నటి పిట్టగోడ, ఫ్లెక్సీ బోర్డు ఫ్రేము. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, ఆషాఢం గాలికి ఆ పక్కల రేకుల షెడ్లు ఎలా లేస్తాయో అనంతపురం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

స్టిల్ట్ పార్కింగ్ వద్దంటారా? పార్కింగ్ లేకపోతే ఫ్లాట్ అమ్ముడుపోదు సార్

వద్దనను. ఎలా కడుతున్నారో చూసుకోమంటాను. పై అంతస్తుల్లో ఇటుక గోడలుంటాయి, అవి లెక్కలో లేకపోయినా బిల్డింగును పక్కకు కదలనివ్వకుండా బిగించి పట్టుకుంటాయి. కింద పార్కింగ్‌లో గోడలే లేవు, వట్టి స్తంభాలు. నేల కదిలినప్పుడు పై నాలుగు అంతస్తులూ ఒకే పెట్టెలా కదులుతాయి, ఊగంతా ఆ ఒక్క కింది అంతస్తు స్తంభాల తలల దగ్గరా పాదాల దగ్గరా పడుతుంది. దీన్నే సాఫ్ట్ స్టోరీ అంటాం.

2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు రెండొందల కిలోమీటర్ల పైనే దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిల్లో చాలా వాటికి కింద ఇలాంటి ఖాళీ పార్కింగే. 2002 కోడ్ అలాంటి అంతస్తు స్తంభాలనూ బీములనూ మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయమంది. 2016లో ఆ నియమాన్ని మార్చి, ఆ అంతస్తుకే గట్టిదనం తెచ్చే పద్ధతుల మీద దృష్టి పెట్టారు. తేలికైన దారి ఏమిటంటే పార్కింగ్‌లో కార్లు ఎలాగూ దూరని మూలల్లో, మెట్ల పక్కన, రెండు దిక్కుల్లోనూ కాంక్రీటు గోడలు నిలబెట్టడం. నాలుగు గోడలకు ఒక్క కారు చోటు కూడా పోకుండా ప్లాన్ సర్దొచ్చు, నేను సర్ది చూపించాను కూడా. ప్లాన్ పాసయ్యాక వచ్చి అడిగితే మాత్రం కష్టం.

లిఫ్ట్ గోడ కాంక్రీటుతో పొయ్యమంటున్నారు, ఇటుకతో కడితే కాదా?

లిఫ్ట్ నడవడానికైతే ఇటుకా చాలు. కానీ పునాదినుంచి పైదాకా ఒకే వరసలో లేచే గోడ బిల్డింగ్ మొత్తంలో అదొక్కటే ఉంటుంది, దాన్ని కాంక్రీటుతో పోస్తే బిల్డింగ్‌కి వెన్నెముకలా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త. లిఫ్ట్ బిల్డింగ్‌కి ఒక మూలన ఉంటే, ఆ మూల గట్టిగా ఉండి మిగతాది దాని చుట్టూ మెలితిరుగుతుంది. అప్పుడు ఎదురు మూలన కూడా ఒక గోడ కావాలి.

నల్లరేగడి నేలకూ రాతి నేలకూ కంపనంలో తేడా ఉంటుందా?

చాలా. గట్టి రాయి మీద కంపనం వచ్చినట్టే వచ్చి పోతుంది, మందంగా పేరుకున్న మెత్తటి మట్టి మీద అది పెరిగి, నిదానించి, ఎక్కువసేపు ఉంటుంది. అనంతపురం పక్క చాలాచోట్ల కొన్ని అడుగులు తవ్వితే రాయి తగులుతుంది. నంద్యాల పక్క నల్లరేగడి వేరు. నల్లరేగడికి ఇంకో గుణం కూడా ఉంది, వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోవడం. భూకంపం రాకుండానే గోడల్లో పగుళ్లు తెస్తుంది. పక్క ప్లాటువాళ్ల సాయిల్ టెస్ట్ రిపోర్టు జిరాక్స్ తెచ్చి "ఇదే మాది కూడా" అనకండి. మీ ప్లాటులో బోరు వేయించండి.

టీవీలో చూపించే పెద్ద ఉక్కు గుండు డ్యాంపర్ (ఊగును తగ్గించేది) మన అపార్ట్‌మెంట్‌కి పెట్టించొచ్చా?

అక్కర్లేదు, పెట్టినా మీ డబ్బు దండగ. తైపే 101లో ఉన్నది 660 టన్నుల గుండు, 41 ఉక్కు పలకలు పేర్చి అతికి చేశారు, అడ్డంగా కొలిస్తే 5.5 మీటర్లు. తీగలతో 92వ అంతస్తు నుంచి వేలాడదీశారు. బిల్డింగ్ ఒక పక్కకు పోతే గుండు బరువుకు వెనకపడుతుంది, మధ్యలో కట్టిన హైడ్రాలిక్ సిలిండర్లు ఆ లాగులాటను మింగి వేడిగా మారుస్తాయి. 2015 ఆగస్టులో సౌడెలార్ తుఫానుకు ఆ గుండు ఒక మీటరు దాకా కదిలింది. ముఖ్యంగా అది గాలికి పైనున్నవాళ్లకు కళ్లు తిరగకుండా పెట్టినది. భూకంపానికి ఆ బిల్డింగ్‌ను కాపాడేది దాని ఉక్కు చట్రం. ఎత్తు చాలా ఎక్కువై, బిల్డింగ్ సన్నగా ఉండి, గాలి ఊగు ఇబ్బంది పెట్టే చోట డ్యాంపర్‌కు అర్థముంది. అయిదంతస్తులకు ఆ డబ్బుతో రెండు షియర్ వాల్స్, అంటే పక్క తోపును ఆపే కాంక్రీటు గోడలు, వేసుకోండి.

మేడ మీద వాటర్ ట్యాంకే డ్యాంపర్‌లా పనిచేస్తుందని విన్నా, నిజమేనా?

పెద్ద బిల్డింగుల్లో నిజమే. కెనడాలోని వాంకూవర్‌లో 48 అంతస్తుల వన్ వాల్ సెంటర్ పైన దీనికోసమే రెండు పెద్ద నీటి ట్యాంకులు కట్టారు. అయితే నీళ్లు తొణికే లయ బిల్డింగ్ లయతో సరిగ్గా కుదరాలి, అప్పుడే నీళ్లు బిల్డింగ్ ఊగుకు ఎదురుగా కొట్టుకుని దాన్ని తగ్గిస్తాయి. మన మేడమీది ట్యాంకు 3 మీటర్ల పొడవు, నీళ్లు 1.2 మీటర్ల లోతు అనుకుని లెక్క వేశా. ఆ నీళ్లు ఒకసారి అటూ ఇటూ తొణకడానికి సుమారు 2.1 సెకన్లు పడుతుంది. అయిదంతస్తుల బిల్డింగ్ లయ అర సెకను. ఎక్కడా పొంతన లేదు. అర సెకనుకు తేవాలంటే ట్యాంకును ఇరవయ్యేసి సెంటీమీటర్ల అరలుగా విడగొట్టాలి, అప్పుడేమో పైపైన ఉన్న కాసిన్ని నీళ్లే కదులుతాయి, కిందివి చచ్చు బరువుగా ఉండిపోతాయి. కాబట్టి మీ ట్యాంకును కేవలం పది టన్నుల బరువుగా చూడండి, దాని కింద స్తంభాలున్నాయా, అది ఇటుక దిమ్మల మీద ఊరికే కూర్చుందా అని చూసుకోండి.

బిల్డింగ్ కింద రబ్బరు పెట్టి కడతారట కదా?

దాన్ని బేస్ ఐసొలేషన్ అంటారు. రబ్బరు, ఉక్కు రేకులు పొరలు పొరలుగా అతికిన దిమ్మలను పునాదికీ బిల్డింగ్‌కీ మధ్య పెడతారు. నేల గబగబా కదిలినా పైన బిల్డింగ్ రెండు మూడు సెకన్ల లయలో నిదానంగా జరుగుతుంది. భుజ్‌లో భూకంపానికి కూలిన జిల్లా ఆసుపత్రిని తిరిగి కట్టినప్పుడు ఈ పద్ధతే వాడారు. గట్టి నేల మీద, ఎత్తు తక్కువ, భూకంపం తర్వాత కూడా పని ఆగకూడని ఆసుపత్రుల్లాంటి వాటికి ఇది బంగారం. అపార్ట్‌మెంట్‌కి జోన్ 2లో నేనైతే చెప్పను.

బుర్జ్ ఖలీఫాకి డ్యాంపర్ లేదంటారు, మరి గాలికెలా నిలబడింది?

ఆకారంతో. గాలి బిల్డింగ్‌ను దాటుకుని వెళ్లేటప్పుడు ఒకసారి ఎడమ పక్కా ఒకసారి కుడి పక్కా సుడులు విడిచిపెడుతుంది, వాటివల్ల బిల్డింగ్ గాలికి అడ్డంగా ఊగుతుంది. సుడుల లయ బిల్డింగ్ వెడల్పును బట్టి ఉంటుంది. బుర్జ్ ఖలీఫా 828 మీటర్ల పొడవునా మెట్లు మెట్లుగా సన్నబడుతుంది, పైకి పోయేకొద్దీ ఒక్కో మెట్టు దగ్గర వెడల్పు మారుతుంటుంది, సుడులన్నీ ఒకే తాళానికి చేరలేవు. తైపే 101 మూలలు కోసి పెట్టింది కూడా గాలి కోసమే.

పక్కవాళ్ల బిల్డింగ్‌ను ఆనుకుని కట్టొచ్చా? ఒక్క అడుగు స్థలం కూడా పోనివ్వలేం

కట్టొద్దు. ఊగేటప్పుడు రెండూ ఒకే లయలో ఊగవు, ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఇలా పక్కకు జరగడానికి కోడ్ ఒప్పుకునే హద్దు అంతస్తు ఎత్తులో 0.004 వంతు, 15 మీటర్ల బిల్డింగ్ పైన అది 6 సెంటీమీటర్లు. రెండు బిల్డింగులకీ కలిపితే 12. అసలు భూకంపంలో దీనికన్నా చాలా ఎక్కువే జరుగుతుంది, అందుకే కోడ్ గ్యాప్‌ను ఇంకా పెంచి లెక్కవేయమంటుంది. అన్నిటికన్నా ప్రమాదం ఎక్కడంటే, మీ స్లాబ్ వాళ్ల స్తంభం నడుముకి ఎదురుగా వచ్చినప్పుడు. కర్నూలు పాతబస్తీ సందుల్లో ఇలాంటివి నడుస్తూనే లెక్కపెట్టొచ్చు.

## పని జరుగుతున్నప్పుడు

స్తంభం రింగుల కొక్కేల గురించి ఎందుకంత పట్టుబడతారు? అందరూ మామూలుగానే వంచుతారు కదా

నంద్యాల రోడ్డులో ఒక సైట్‌కి పోతే స్తంభాల కడ్డీలు కట్టేసి ఉన్నాయి, మర్నాడు కాంక్రీటు. నిలువు కడ్డీలను చుట్టి పట్టుకునే రింగు ఒకటి పట్టుకుని చూశా. కొన మూల దగ్గర లంబంగా మడిచి వదిలేశారు, తోక బయటి వరసలోనే ఆనుకుని ఉంది. మేస్త్రీ అన్నాడు, "లోపలికి వంచితే వైబ్రేటర్ దిగదు సార్, కంకర ఇరుక్కుంటుంది." వైబ్రేటర్ అంటే పోసిన కాంక్రీటును కుదిపి సర్దే మిషన్, అతని ఇబ్బంది అబద్ధం కాదు. కానీ స్తంభం గట్టిగా ఊగినప్పుడు పై కవర్ కాంక్రీటు రాలిపోతుంది, అప్పుడు అలా మడిచిన రింగు విచ్చుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీటు పిండిలా జారిపోతుంది. కొక్కెం 135 డిగ్రీలు లోపలికి తిరిగి కాంక్రీటు గుండెలో గుచ్చుకుని ఉంటే, పైపొర రాలినా రింగు విడవదు.

భూకంపానికి కడ్డీలు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 ప్రకారం కొక్కెం తోక కడ్డీ మందానికి 6 రెట్లు, కనీసం 65 మిల్లీమీటర్లు ఉండాలి. 8 మిల్లీమీటర్ల రింగుకి 65 అన్నమాట. టేపు పెట్టి కొలిస్తే ఆ సైట్‌లో వచ్చింది 30. రింగులన్నీ విప్పి మళ్లీ కట్టాం, కాంక్రీటు రెండు రోజులు ఆలస్యమైంది, ఓనర్ రెండు రోజులూ నా మీద కోపంగానే ఉన్నాడు. కంకర 20 మిల్లీమీటర్లదానికి బదులు 12ది వాడి, సన్న సూది వైబ్రేటర్ తెప్పించాం, చక్కగా దిగింది. జోన్ 2లో ఇది తప్పనిసరి కాదని వాదించేవాళ్లు ఉన్నారు. ఒక్కో రింగుకి బెత్తెడు కడ్డీ ఎక్కువ పడుతుంది, అంతే. నేను నా డ్రాయింగుల్లో ఇది లేకుండా సంతకం పెట్టను.

ఎంత గట్టి స్టీల్ అయితే అంత మంచిదా? షాపులో 550 తీసుకోమంటున్నాడు

గ్రేడ్ నంబరు పెరిగితే మంచిదని కాదు. భూకంపంలో కడ్డీ తెగకుండా సాగాలి. కడ్డీల కోడ్ ఐఎస్ 1786 ప్రకారం 500 గ్రేడ్ కనీసం 12 శాతం సాగాలి, 500డి అయితే 16, వట్టి 550 అయితే 10 చాలు. అందుకే పక్కన "డి" ఉందో లేదో చూడండి. కడ్డీ మీద ముద్ర ఉంటుంది, బిల్లు మీద కూడా రాయించుకోండి.

మొదట రెండంతస్తులకే డిజైన్ చేశాం, ఇంకో రెండు వేద్దామనుకుంటున్నాం

"పునాది గట్టిగా వేశాం సార్" అన్నది నేను చాలాసార్లు విన్న మాట. కింది బరువు మోయడం ఒక లెక్క, పక్క తోపు వేరే లెక్క. అంతస్తు పెరిగితే తోపూ పెరుగుతుంది, అది తగిలే ఎత్తూ పెరుగుతుంది, కింది స్తంభాలకు వంపు రెండింతలు దాటి పోవచ్చు. పాత డ్రాయింగులు, కాంక్రీటు కోర్ టెస్ట్ (కట్టిన కాంక్రీటునుంచి ముక్క కోసి బలం చూడటం) లేకుండా ఎవరైనా సరేనంటే వేరే ఇంజనీర్ దగ్గరికి వెళ్లండి.

## ఉంటున్నప్పుడు

పై అంతస్తులో గాలికి ఊగినట్టు అనిపిస్తుంది, నా భ్రమా?

భ్రమ కాకపోవచ్చు. మనిషికి ఊగు తెలిసే స్థాయి చాలా తక్కువ, భూమి ఆకర్షణలో వెయ్యింట అయిదు వంతుల కుదుపును కూడా కొందరు పసిగడతారు. 50 మీటర్లు దాటిన బిల్డింగులకు ఉన్న ఐఎస్ 16700 కోడ్ నివాసాలకు పెట్టిన హద్దు సెకను వర్గానికి 0.15 మీటర్లు, దాదాపు వెయ్యింట పదిహేను వంతులు. ఈ హద్దు సౌకర్యం కోసం పెట్టింది, కూలిపోయే హద్దు దీనికి ఎంతో దూరం. అయిదంతస్తుల ఇంట్లో గాలికే ఊగు తెలుస్తుందంటే మాత్రం ఎవరికైనా చూపించండి.

క్వారీలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా కిటికీలు గలగలమంటాయి, ఇంటికి ప్రమాదమా?

కడప జిల్లా సున్నపురాయి గనుల పక్క ఊళ్లనుంచి ఇది ఎప్పుడూ వస్తుంది. గలగలలో సగం గాలిలో వచ్చే శబ్దపు దెబ్బ, నేల కంపనం వేరు. నేల కంపనాన్ని సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో కణం కదిలిందన్న లెక్కలో కొలుస్తారు. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, గనివాళ్లవి కాని మామూలు ఇళ్ల దగ్గర, సెకనుకు 8 కంపనాల లోపైతే 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 దాకా 10, ఆ పైన 15 దాటకూడదు. నిదానంగా వచ్చే కంపనమే ఇంటికి ఎక్కువ చేటు, అందుకే దానికి హద్దు తక్కువ. పంచాయతీ తరఫున మీ ఇంటి దగ్గర మీటరు పెట్టి కొలవమని రాతపూర్వకంగా అడగండి. అంతకన్నా ముందు, ఇప్పుడున్న పగుళ్లన్నిటినీ పక్కన స్కేలు పెట్టి, తేదీ కనపడేలా ఫోటోలు తీసి ఉంచుకోండి. రేపు పగులు పెరిగిందని నిరూపించడానికి అవే ఆధారం.

టెర్రస్ మీద సెల్ టవర్ పెడతామని అద్దె ఇస్తామంటున్నారు

చైనాలోని షెన్‌జెన్‌లో దాదాపు 356 మీటర్ల మేడ సెగ్ ప్లాజా 2021 మే 18న ఉన్నట్టుండి ఊగింది, జనం వీధుల్లోకి పరిగెత్తారు. భూకంపం లేదు, పెద్ద గాలీ లేదు. పైనున్న యాంటెన్నా స్తంభాలు గాలి సుడులకు ఊగి బిల్డింగ్‌ను కూడా తమతో ఊపాయని తేల్చి, వాటిని తీసేశారు. మీ ఇంటి మీద అంత జరగదు. కానీ టవర్ కాళ్లు స్లాబ్ మధ్యలో కాకుండా స్తంభాల మీద దిగాలి, స్ట్రక్చరల్ సర్టిఫికెట్ మీ బిల్డింగ్‌ను చూసి ఇచ్చినది అయుండాలి.

పైవాళ్ల ట్రెడ్‌మిల్‌కి మా ఫ్యాన్ ఊగుతుంది

అది బిల్డింగ్ ఊగు కాదు, స్లాబ్ ఒక్కటే వణకడం. మిషన్‌ను గది మధ్యనుంచి బీము మీదికి జరిపి, కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే చాలావరకు పోతుంది. ప్రమాదం లేదు.

## కంపించినప్పుడు, ఆ తర్వాత

ఊగుతుంటే కిందికి పరిగెత్తాలా, లోపలే ఉండాలా?

లోపలే. గట్టి బల్ల కింద తల కాపాడుకుని కూర్చోండి, అద్దాలకూ బీరువాలకూ దూరంగా. మెట్లు, పిట్టగోడ, బాల్కనీ ముందుగా దెబ్బతినే చోట్లు, లిఫ్ట్ అసలే వద్దు. ఆగాక బయటికి వచ్చి, పిట్టగోడలకు దూరంగా నిలబడండి. మీరు గ్రౌండ్ ఫ్లోర్‌లో వాకిలి పక్కనే ఉంటే, రెండు అంగల్లో ఆరుబయట పడగలిగితే వెళ్లండి.

వెయ్యి కిలోమీటర్ల దూరంలో భూకంపమొస్తే బ్యాంకాక్ బిల్డింగ్ ఎలా కూలింది?

2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రత. దూరం పోయేకొద్దీ గబగబా వచ్చే కంపనాలు మధ్యలోనే ఆరిపోతాయి, నిదానంగా ఊగే అలలు మాత్రం దూరాలు పోతాయి, బ్యాంకాక్ మెత్తటి బంకమట్టి వాటిని ఇంకా పెంచింది. అవి పొడుగు బిల్డింగుల లయకు దగ్గర, అందుకే మేడల మీది పూల్స్ పొంగాయి, కింద షాపుల్లో చాలామందికి అంత తెలియలేదు. కూలిన పెద్ద బిల్డింగ్ ఒక్కటే, ఇంకా కడుతున్న ప్రభుత్వ ఆఫీసు. అన్ని వందల మేడలు ఊగి నిలబడ్డాయి అన్నది కూడా చూడాలి.

పగుళ్లు వచ్చాయి, ఏవి ప్రమాదం?

ఇటుక గోడలో గుణకారం గుర్తులా ఏటవాలుగా వచ్చినవి, గోడకూ బీముకూ మధ్య గీతలా వచ్చినవి భయపెడతాయి కానీ బాగుచేసుకోవచ్చు. స్తంభం తల దగ్గరో పాదం దగ్గరో ఏటవాలు పగులు, కాంక్రీటు పెచ్చు రాలి కడ్డీ కనపడటం, కడ్డీ ఉబ్బడం ఉంటే ఆ పూటే ఖాళీ చేసి ఇంజనీర్‌ను పిలవండి. సిమెంటు పూసి రంగు వేసేయకండి, చూడాల్సినవాడికి అదే కనపడకుండా పోతుంది.

పదిహేనేళ్ల పాత అపార్ట్‌మెంట్, కింద ఖాళీ పార్కింగ్. ఇప్పుడేమైనా చేయొచ్చా?

చేయొచ్చు, మనుషుల్ని ఖాళీ చేయించకుండానే. స్తంభాల చుట్టూ కొత్త కడ్డీలు, రింగులు కట్టి నాలుగంగుళాలు కాంక్రీటు పోయడం ఒక పద్ధతి, దాన్ని జాకెటింగ్ అంటాం. కొన్ని స్తంభాల మధ్య పునాదితో సహా కాంక్రీటు గోడ లేపడం ఇంకో పద్ధతి, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. అనంతపురంలో ఒక అపార్ట్‌మెంట్‌వాళ్లు అసోసియేషన్ మీటింగ్ పెట్టి ఇరవై ఫ్లాట్ల దగ్గరా పోగుచేసి వెనక వరసలో రెండు, మెట్ల పక్కన రెండు గోడలు వేయించుకున్నారు. కొత్త గోడను పాత స్తంభానికి కట్టే డోవెల్ కడ్డీలకు రంధ్రాలు కొట్టినప్పుడు దుమ్ము మొత్తం ఊది, బ్రష్ పెట్టి శుభ్రం చేసి, అప్పుడే కెమికల్ నింపాలి, దుమ్ము మిగిలితే కడ్డీ చేత్తో లాగినా వచ్చేస్తుంది. ఆ పని జరిగే రోజు ఎవరైనా దగ్గరుండి ఒక్కో రంధ్రం చూసుకోండి.